ఒక డబ్బా, ఇద్దరు మితాన్లు

ఈ కేసు ఇదివరకే ఒకచోట అచ్చయింది. ఒక సంస్థ వేసిన నున్నటి కాగితాల పుస్తకంలో రెండు పేజీలు, సుఖ్‌రామ్ నవ్వుతున్న ఫొటోతో సహా. అందులో నా గురించి ఉన్నది మూడు మాటలు: "ఆసుపత్రి సిబ్బంది సహకారంతో". ఆ సిబ్బంది నేనే. పద్దెనిమిదేళ్లుగా అదే గదిలో, అదే బల్ల వెనక కూర్చున్నవాణ్ణి. పుస్తకం వేసేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే అసలు జరిగిందేమిటో చెప్పేవాణ్ణి. చేయలేదు. మా జిల్లాలో తెలుగు చదివే అధికారి లేడని తెలిసీ తెలుగులోనే రాస్తున్నాను. హిందీలో రాసినవి మాత్రం ఎవరు చదివారు గనుక!

2024, మొన్నటి వానాకాలం. ఛత్తీస్‌గఢ్‌లోని గీదంలో మా ఆసుపత్రి. జగదల్‌పుర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే బీజాపూర్ వైపు, దంతేవాడ వైపు చీలుతుంది. అందుకని లారీలు, పికప్ బండ్లు, జవాన్ల వాహనాలు అన్నీ మా ఊళ్లో ఆగాల్సిందే. నేను ఐసీటీసీ కౌన్సిలర్‌ని. హెచ్ఐవీ పరీక్షకు వచ్చినవాళ్లతో పరీక్షకు ముందు, తర్వాత విడిగా మాట్లాడి, ఫారం నింపి, ఫలితం చెప్పేవాణ్ణి అన్నమాట. సొంతూరు తెలుగు సరిహద్దులోని కుంట. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, అవసరమైతే కొంచెం గోండీ. ఇన్ని భాషలు వచ్చినా నా పేరు గది బయటి బోర్డు మీద ఇప్పటికీ తప్పుగానే ఉంది. సరిచేయమని అడిగి ఆరేళ్లయింది.

ఈ ఏడాదే ఆ సంస్థ మా దగ్గర ప్రెప్ మొదలుపెట్టింది. ప్రెప్ అంటే హెచ్ఐవీ లేనివాళ్లు, అది రాకుండా ముందే వేసుకునే మాత్ర. రోజుకొకటి. మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్ల కోసం ముఖ్యంగా తెచ్చారు. నగరాల్లో వాళ్లు తమను గే అనో బైసెక్సువల్ అనో చెప్పుకుంటారు. మా దగ్గర చాలామంది ఏ పేరూ చెప్పరు, "నేను కొంచెం వేరే సార్" అని నేల చూస్తారు. మాత్ర మొదలుపెట్టే ముందు రక్తంలో వైరస్ లేదని తేల్చుకోవాలి, కిడ్నీల పరీక్ష, కామెర్ల పరీక్ష చేయించాలి. వైరస్ అప్పటికే ఉన్నవాడు తెలియక ఇది వేసుకుంటే రోగం ఆగదు సరికదా, వైరస్ ఆ మందుకు అలవాటు పడిపోతుంది. రేపు అసలు చికిత్స మొదలుపెట్టినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి. కథంతా దాని మీదే నడిచింది.

ఈ మాత్ర గురించిన శిక్షణ జగదల్‌పుర్‌లో జరిగింది. నన్ను పిలవలేదు. సుఖ్‌రామ్‌ను పిలిచారు. సుఖ్‌రామ్‌ది పక్క ఊరు, ముప్పై రెండేళ్లు ఉంటాయి, సంతల్లో గాజులు అమ్మేవాడు. తాను మగవాళ్లనే ఇష్టపడతానని దాచుకోకుండా బతికేవాడు. అతన్ని పీర్ నావిగేటర్‌గా తీసుకున్నారు. అంటే, తనలాంటివాళ్లను వెతికి ఆసుపత్రిదాకా తీసుకొచ్చి, మాత్ర ఆపకుండా చూసుకునేవాడు. వారానికి రెండు రోజులు అతను నా గదిలోనే కూర్చోవాలని పైనుంచి కాగితం వచ్చింది. గదిని తెరతో రెండు చేశారు. కిటికీ వైపు అతనికి.

నేను గోడకు చార్టు తగిలించి, కర్రతో చూపిస్తూ చెప్పేవాణ్ణి: వైరస్ ఎలా వస్తుంది, మాత్ర ఎలా అడ్డుకుంటుంది. వచ్చినవాళ్లు బుద్ధిగా తలూపి, "సోచ్‌కే బతాయేంగే" అని వెళ్లిపోయేవారు. ఆలోచించి చెబుతామన్నవాడు ఒక్కడూ మళ్లీ రాలేదు. తెర అవతల నుంచి మాత్రం నవ్వులు వినిపించేవి. అక్కడికి పోయినవాడు డబ్బా చేతిలో పట్టుకుని బయటికొచ్చేవాడు.

ఏం చెబుతున్నాడో వినాలని ఒకరోజు రిజిస్టర్ తెరిచి రాస్తున్నట్టు కూర్చున్నాను. దాచడమెందుకు, తెర పక్కకు కుర్చీ జరుపుకున్నాను కూడా.

"అడవిలోకి పోయే జవాను మలేరియా గోలీ దోమ కుట్టాక మింగుతాడా, కుట్టకముందా?" సుఖ్‌రామ్ గొంతు.

"ముందే మింగుతాడు భయ్యా."

"మరి నువ్వు? నీ అడవి ఎటువైపుందో నాకు తెలియదనుకోకు. మింగు, పో."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి టీ తాగడానికి వెళ్లిపోయాను. చార్టు లేదు, కర్ర లేదు, ఒక్క దోమతో పని అయిపోయింది! మా బస్తర్‌లో ఇంటింటికీ వచ్చి మలేరియా పరీక్షలు చేసి, దొరికినవాళ్లకు ఎదురుగా నిలబడి మాత్రలు మింగిస్తారు. జ్వరం లేకపోయినా మాత్ర మింగడం ఇక్కడ అందరికీ తెలిసిన పనే. ఇంత తేలికైన మాట పద్దెనిమిదేళ్ల అనుభవానికి తట్టకుండా గాజులమ్మేవాడికి తట్టడం నేను క్షమించలేకపోయాను. అతను వెంటనే ఏం చెప్పాడో వినలేదు. వినకపోవడం ఎంత తప్పో తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే లచ్చయ్య వచ్చాడు. పేరు, కొన్ని గుర్తులు మార్చాను. మరైగూడ వైపు రైతు కుటుంబం, ఇరవై తొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు. భద్రాచలం నుంచి గీదం దాకా పికప్ బండిలో కిరాణా సామాను తోలతాడు. సుఖ్‌రామ్ కోసమే వచ్చాడు గానీ, గుమ్మంలో నన్ను చూసి, "సార్, మీరు తెలుగోళ్లా?" అన్నాడు. అంతే, చేయి పట్టుకుని నా వైపు కూర్చోబెట్టాను. ఇతను నా మనిషి. తెర అవతలికి పోనివ్వను.

"దారిలో కలిసేవాళ్లు ఉంటారా?" అని అడిగాను.

"ఉంటరు సార్. సుక్మాల ఒకరిద్దరు. కుంటల ఒకరు. ఎప్పుడన్న."

"నిరోధ్ వాడతావా?"

"ఉంటే వాడత. లేకపోతే లేదు. అబద్ధం ఎందుకు."

అప్పుడు చార్టు వదిలేసి, సుఖ్‌రామ్ దోమను బయటికి తీశాను. "మలేరియా గోలీ లాంటిదే అనుకో. రోగం రాకముందే మింగాలి."

లచ్చయ్య మొహం విప్పారింది. "గంతేనా? గా మాట ముందే చెప్పకపోతిరి. ఇయ్యండి, తింట."

పరీక్షలన్నీ సరిగా వచ్చాయి. ఫారంలో ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది: రెగ్యులర్ పార్ట్‌నర్ ఉన్నారా? అంటే ఎప్పుడూ ఉండే తోడు. అలాంటివారుంటే వాళ్లనూ పరీక్షకు పిలవాలి.

"పార్ట్‌నరా? నాకెవరున్నరు సార్. ఇక్కడ నా మితాన్ ఉన్నడు, గంతే. గీదం వచ్చినప్పుడు ఆయన ఇంట్లనే పండుకుంట."

"పార్ట్‌నర్: లేరు" అని రాశాను. ముప్పై మాత్రల డబ్బా చేతిలో పెట్టాను. నేను ఒప్పించిన మొదటి మనిషి. ఆ సాయంత్రం సుఖ్‌రామ్‌కు వినపడేలా ల్యాబ్ టెక్నీషియన్‌తో రెండుసార్లు చెప్పాను.

మితాన్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు మగవాళ్లు పెద్దల ముందు స్నేహం కట్టుకుంటారు. కొబ్బరికాయలు మార్చుకుంటారు, ఒకే ఆకులో తింటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, "మితాన్" అనే పిలుచుకోవాలి. అతని తల్లి నీకు తల్లి, అతని ఇంట్లో చావు నీకు మైల. మితాన్‌కు పెట్టకుండా తినకూడదు. మితాన్ చేతిది వద్దనకూడదు. నాకూ ఒక మితాన్ ఉన్నాడు. పదేళ్లప్పుడు మా నాన్న కట్టించాడు. ఇంత చెప్పేది ఎందుకంటే, ఆ మాట విన్నప్పుడు నాకు మా నాన్న కొట్టిన కొబ్బరికాయ కనిపించిందే తప్ప ఇంకేమీ కనిపించలేదు. బయటినుంచి వచ్చిన కౌన్సిలర్ అయితే "మితాన్ అంటే ఎవరు?" అని అడిగేవాడు. నాకు అడగాల్సిన పని ఏముంది? నాకు అన్నీ తెలుసు కదా.

పదహారో రోజు లచ్చయ్య మళ్లీ వచ్చాడు.

"గోలీలు అయిపోయినయ్ సార్. ఇంకో డబ్బా ఇయ్యాలె."

"అయిపోవడమేంటి? ముప్పై ఇచ్చాను కదా?"

"వాగుల పడ్డయ్ సార్."

"ఏ వాగులో?"

కాసేపు పైకప్పు చూశాడు. "గదే... శబరిల."

"శబరి వాగు ఎప్పుడైంది లచ్చయ్యా? అది నది. దాని మీద వంతెన ఉంది. వంతెన మీద నుంచి ఎగిరి దూకాయా నీ గోలీలు?"

నవ్వుతాడనుకున్నాను. తల దించుకున్నాడు. నాకు కోపం పెరిగింది. నా ఒక్క కేసూ ఇలా అయితే తెర అవతల ఎంత లోకువ! "మందంటే లెక్కలేదా నీకు? తెలుగోడివని నెత్తిన పెట్టుకుంటే నా పరువు తీస్తావా? నెల నిండాక రా, అప్పుడే ఇస్తా," అని అరిచాను. "సరే సారూ," అని వెళ్లిపోయాడు. ఆ తిట్లన్నీ తెర అవతలికి వినిపించాయి.

గంట తర్వాత సుఖ్‌రామ్ టీ కొట్టు నుంచి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. మేం హిందీలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సర్ జీ, లచ్చయ్య మీతో చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నా. గోలీలు ఎక్కడా పడిపోలేదు. మితాన్‌తో పంచుకున్నాడు. పదిహేను రోజులు ఇద్దరూ రోజుకొకటి మింగారు."

"మితాన్‌కు ఎందుకు?"

సుఖ్‌రామ్ నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. "ఎందుకేమిటి సర్ జీ. వాళ్లిద్దరూ మితాన్లు."

"తెలుసు. ఫారం నింపింది నేనే. స్నేహితులు."

"ఉత్త స్నేహితులు కాదు సర్ జీ."

"నోరు కడుక్కో సుఖ్‌రామ్! ప్రతిదాంట్లో నీకు అదే కనిపిస్తుందా? మితాన్ అంటే ఏమిటో నీకు తెలుసా? నాకున్నాడు మితాన్."

"నాకు లేడు సర్ జీ," అన్నాడు నెమ్మదిగా. "మా ఊళ్లో నా ఈడువాళ్లందరికీ కట్టారు. నాతో కట్టడానికి ఏ ఇల్లూ ఒప్పుకోలేదు. వీడు తేడా అన్నారు. అందుకే ఎవరు ఎవరికి ఎలాంటి మితానో నేను దూరం నుంచి బాగా చూస్తుంటాను."

అయినా నేను ఒప్పుకోలేదు. నా మొండితనం గురించి మా ఇంట్లో సామెతలున్నాయి. మూడు రోజులు సుఖ్‌రామ్‌తో మాట్లాడలేదు, లచ్చయ్యకు ఫోన్ చేయలేదు. ఆ మూడు రోజుల్లో పగలంతా ఒకటే తిరిగింది బుర్రలో. నేను చూడని మనిషి ఒకడు, రక్తపరీక్ష లేకుండా, పదిహేను రోజులు ఆ మాత్ర మింగాడు. అతని ఒంట్లో వైరస్ ఉంటే? ఇప్పుడు ఇద్దరి దగ్గరా మాత్రలు లేవు. లచ్చయ్య గీదం వస్తే అదే ఇంట్లో పడుకుంటాడు. ఇద్దరిలో ఎవరికి ఏమైనా, "పార్ట్‌నర్: లేరు" అన్న రాత నా చేతిదే.

నాలుగో రోజు లచ్చయ్యకు ఫోన్ చేశాను.

"మీరు తిడ్తిరి గద సారూ."

"తిట్టాను. తప్పయింది." ఈ మాట నా పై అధికారులు ఇంతవరకు నా నోట వినలేదు. "నీ మితాన్‌ను ఒకసారి తీసుకురా. పరీక్ష చేయాలి."

"రాడు సార్. వచ్చిండంటే నా పని ఖతం."

"ఎందుకు?"

"అది ఏం గోలీనో చెప్పలె. మలేరియా గోలీ అని పెట్టిన. మీరే గద మలేరియా లెక్క అనుకోమంటిరి! మా ఇంట్ల ముగ్గురికి మలేరియా దొరికితే ముగ్గురికి ఇచ్చిరి. ఇది గూడ అట్లనే పంచుకునేది అనుకున్న."

ఆ దోమ మాట నాది కాదు, సుఖ్‌రామ్ దగ్గర నేను దొంగిలించినది. సుఖ్‌రామ్ ఆ మాట తర్వాత ప్రతివాడికీ ఇంకో మాట చెబుతాడట: "ఇది పళ్లు తోముకునే బ్రష్ లాంటిది, అన్నకైనా ఇవ్వకు." నేను టీ తాగడానికి లేచిపోయిన ఘడియలో చెప్పిన మాట.

"అసలెందుకు పెట్టావు లచ్చయ్యా? నీకోసం కదా ఇచ్చింది?"

లచ్చయ్య బండిని రోడ్డు పక్కకు తీసి ఆపిన చప్పుడు వినిపించింది. "నేను దారిల మంచోణ్ని గాదు సార్. ఆయన గట్ల గాదు, ఇల్లు, దుకాణం, గంతే. నా వల్ల ఆయనకేమన్న అయితే ఎట్ల? చెప్తె దారిల సంగతి తెలుస్తది. మితాన్‌ను మోసం జేసినోని చేతి నీళ్లు ఎవరు తాగుతరు?"

పరీక్ష చేయకపోతే ప్రాణానికి ముప్పు, చేయిస్తే మితాన్ పోతాడు. ఇన్నేళ్లలో నేను ఎందరికో ఇలాంటి చోట సలహా చెప్పాను. ఆ రోజు నాకు ఒక్కటీ రాలేదు. ఫోన్ పక్కన పెట్టి, తెర తీసి, "సుఖ్‌రామ్, ఏం చేద్దాం?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగడం కన్నా పన్ను పీకించుకోవడం సుఖం.

"మనం ఆ దుకాణానికి పోకూడదు సర్ జీ, నలుగురికీ తెలుస్తుంది," అన్నాడు. "లచ్చయ్యే తేవాలి, లచ్చయ్యే చెప్పాలి. మనం చెప్పకూడదు. మితాన్ రమ్మంటే ఏ మితాన్ రాడు? పిలవమనండి చాలు."

సంత రోజు ఇద్దరూ వచ్చారు. అతని పేరు సోమారు అనుకుందాం. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, బీజాపూర్ రోడ్డులో పంక్చర్ దుకాణం. గోళ్ల కింద నల్లటి గ్రీజు, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుఖ్‌రామ్‌ను లోపలికి రమ్మన్నాను. కుర్చీ ఇవ్వలేదు, స్టూలు ఇచ్చాను. సోమారు హల్బీ, హిందీ, మధ్యమధ్య మితాన్ దగ్గర నేర్చుకున్న తెలుగు కలిపి మాట్లాడాడు.

"ఒంట్లో బాగానే ఉంది. పరీక్ష ఎందుకు? ఆ మలేరియా గోలీకా?"

లచ్చయ్య గోడ దగ్గరికి వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాడు.

"మితాన్," అన్నాడు. "అది మలేరియాది గాదు. పెద్ద రోగం రాకుండ తినేది. నేను దారిల..." అని ఆపి, మళ్లీ అందుకున్నాడు. "దారిల నేను మంచిగ ఉండలె."

సోమారు అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అది నాకు తెలియదా? సుక్మాలో ఆగి వచ్చిన ప్రతిసారీ వేరే సబ్బు వాసన వస్తావు. మనింట్లో సబ్బు ఎర్రది. నువ్వొచ్చేది పచ్చ సబ్బు వాసనతో. ముక్కు లేదనుకున్నావా నాకు?"

సుఖ్‌రామ్ తల పక్కకు తిప్పుకుని పెదవి కొరుక్కున్నాడు.

"తెలిసి గూడ అడగలె?" అన్నాడు లచ్చయ్య.

"అడిగితే నువ్వు రావడం మానేస్తావేమోనని. ప్రతిసారీ కడుపులో నిప్పు పోసుకుని, నీకు అన్నం వండి పెట్టాను. ఆ సబ్బోడెవడో తెలిస్తే వాడి బండి నాలుగు చక్రాలకూ మేకులు దిగ్గొట్టేవాణ్ణి."

"మరి గోలీ ఎందుకు తిన్నవ్, ఏందో తెల్వకుండ?"

"నువ్వు పెట్టావు, తిన్నాను. ఏమిటిది అని మితాన్‌ను అడుగుతారా?" అని, నా వైపు తిరిగాడు. "సార్, సూది గుచ్చండి. బాగుంటే నా డబ్బా నాకివ్వండి. వీడి దాంట్లో వాటా నాకెందుకు?"

ఇద్దరి రక్తం తీసుకున్నాం. మా త్వరిత పరీక్షకు ఇరవై నిమిషాలు పడుతుంది. పట్టీ మీద ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే పై పరీక్షలకు పంపాలి. ఆ ఇరవై నిమిషాలూ వాళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఫలితాలు నా చేతికి వచ్చాక ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను, మా పద్ధతి అదే.

లచ్చయ్య లోపలికి వస్తూనే, "ముందుగాల మితాన్‌ది చెప్పండి సార్," అన్నాడు. ఒకరిది ఒకరికి చెప్పకూడదని, అతనిది మాత్రం చెప్పి పంపించి సోమారును పిలిస్తే, కూర్చోకుండానే, "వాడికేం లేదు కదా?" అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో ఈ గదిలో మొగుడూ పెళ్లాలు కూర్చున్నారు, అన్నదమ్ములు కూర్చున్నారు. ప్రతివాడూ ముందు తనది అడిగాడు, అడగడం న్యాయమే. నా ముందు కూర్చున్న ఈ గ్రీజు చేతుల మనిషిని చూస్తే నాకు కలిగినదాన్ని ఏమంటారో నాకు తెలుసు. సుఖ్‌రామ్ మీద పడ్డది చిన్న అసూయ. అసలుది ఇది. ఆ సాయంత్రం నా మితాన్‌కు ఫోన్ చేశాను. "ఏం పని పడింది?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

ఇద్దరికీ లేదు. అయితే ఇక్కడ విండో పీరియడ్ అనేదొకటుంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకదు. అందుకని నెలకు, మళ్లీ మూడు నెలలకు రమ్మన్నాను. అందాకా నిరోధ్ తప్పనిసరి అన్నాను. సోమారు కిడ్నీ, కామెర్ల రిపోర్టులు కూడా బాగా వచ్చాయి. అతని పేరుతో డబ్బా కోసం సంస్థకు కాగితాలు పంపాను.

జవాబు ఫోన్‌లో వచ్చింది, అదీ సుఖ్‌రామ్‌కు. కొత్త పేర్లు చేర్చుకోవడం ఆపేశారు. లిస్టులో ఉన్నవాళ్లకే మందు. ఎప్పటిదాకా? చెప్పలేదు. మా ఊరి మందుల దుకాణాల్లో ఆ మాత్ర పేరే ఎవరూ వినలేదు.

నెల నిండాక ఇద్దరూ వచ్చారు. మళ్లీ పరీక్ష చేశాం, ఇద్దరికీ లేదు. లచ్చయ్య ఈసారి వాగు కథ చెప్పలేదు. అతని చేతికి కొత్త డబ్బా ఇచ్చి, "ఇది నీ ఒక్కడిదే, పంచకూడదు. సోమారు పేరు ఇంకా రాలేదు," అని చెప్పాను. సుఖ్‌రామ్ స్టూలు మీద నుంచి బ్రష్ మాట కూడా చెప్పాడు.

లచ్చయ్య డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. సీలు తీయకుండా నా బల్ల మీద పెట్టాడు.

"ఒకటైతే వద్దు సార్. మితాన్‌కు రానిది నేనెట్ల తింట? ఆయన ఎదురుంగ కూసొని, నేనొక్కణ్ణే మింగాల్నా?"

"తిను మూర్ఖుడా," అన్నాడు సోమారు. "దారిలో తిరిగేది నువ్వు కదా!"

"నువ్వు నోరు మూస్కో మితాన్. రెండిస్తే ఇద్దరం తింటం. లేకపోతే ఇద్దరం లేదు. నిరోధ్ వాడతం. అదన్న ఇద్దరికి సమానం."

ఎన్ని విధాల చెప్పానో నాకే తెలుసు. ఒకడికైనా రక్ష ఉంటే రెండోవాడికీ మేలేనన్నాను. సుఖ్‌రామ్ చెప్పాడు, సోమారు తిట్టాడు. లచ్చయ్య కదల్లేదు. మొండితనంలో నన్ను మించినవాణ్ణి అప్పుడే చూశాను.

ఈ కేసు నాకు ఒక ప్రశ్న నేర్పింది. ఇప్పుడు నేను ఎవరినీ "పార్ట్‌నర్ ఉన్నారా?" అని అడగను. "నువ్వు పేరు పెట్టి పిలవని మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాను. చాలామంది ఉలిక్కిపడతారు, తర్వాత చెబుతారు. ఫారంలో ఈ ప్రశ్న చేర్చమని రాశాను. ఆ నున్నటి పుస్తకంలో ఈ ప్రశ్న సుఖ్‌రామ్‌దని వేశారు. సుఖ్‌రామే వచ్చి, "ఇది మీది సర్ జీ, నేను వాళ్లకు చెప్పాను, వినలేదు," అన్నాడు. అతను ఆ మాట అనకుండా ఉంటే ద్వేషించడం తేలికగా ఉండేది. పంచుకోవద్దని చెప్పే మాట అతనిది, అది నేనిప్పుడు ప్రతివాడికీ చెబుతున్నాను. అతని పేరు చెప్పే చెబుతున్నాను.

రెండో డబ్బా కోసం నాలుగు పేజీల ఉత్తరం రాశాను. జవాబు లేదు. గుర్తు చేస్తూ ఇంకొకటి రాశాను. లేదు. సుఖ్‌రామ్ వాట్సాప్‌లో రెండు లైన్లు పంపితే ఒక బొటనవేలు వచ్చింది. బొటనవేలు మింగితే హెచ్ఐవీ ఆగదు.

ఇది రాస్తున్న రోజుకు లచ్చయ్య బండి ఇంకా సుక్మాలో ఆగుతోంది, గీదంలోనూ ఆగుతోంది. మూడు నెలల పరీక్షకు వాళ్లు వచ్చే వారం రావాలి. పట్టీ మీద గీత కోసం ఇరవై నిమిషాలు చూడాల్సినవాణ్ణి నేను. పుస్తకం వేసిన సంస్థవారూ, మా ఊళ్లో మగవాళ్లు ఈ మాత్ర తీసుకోవడం లేదని, వాళ్లకు అవగాహన లేదని మీ పుస్తకంలో రాశారు. ఇక్కడ ఇద్దరికి అవగాహన ఉంది, ఇష్టం ఉంది, పరీక్షలు పూర్తయ్యాయి. ఒకరి పేరు మీ లిస్టులో ఉంది, ఇంకొకరి పేరు లేదు. సోమారు పేరు ఎప్పుడు చేరుస్తారు? నా బోర్డు తప్పులు అలాగే ఉండనివ్వండి, ఫొటో ఎవరిదైనా వేసుకోండి. ఈ ఒక్కదానికి, వచ్చే సంత రోజులోగా, ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.